ఆర్ట్ టీచర్ కావాలంటే ఏం చదవాలి? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కుటుంబాల కోసం పూర్తి వివరాలు

బొమ్మలు బాగా వేసే పిల్లలు ప్రతి ఊళ్లో, ప్రతి బస్తీలో ఉంటారు. ఈద్ కార్డు మీద తీగలు, పూలు అల్లే అమ్మాయి. మస్జిద్ మినార్‌ను కొలత తప్పకుండా నోట్‌బుక్‌లో దించే అబ్బాయి. పెళ్లింట మెహెందీ పెట్టడానికి అందరూ పిలిచే చెల్లె. చిన్నప్పుడు అందరూ మెచ్చుకుంటారు. పదో తరగతి దాటగానే అదే ఇంట్లో మాట మారుతుంది. "ఇగ బొమ్మలు బంద్ చెయ్, చదువుకో బిడ్డా" అంటారు.

బొమ్మలు వేయడం కూడా చదువే అని చాలామంది తల్లిదండ్రులకు చెప్పినవాళ్లు లేరు. దానికి యూనివర్సిటీ డిగ్రీ ఉంది, ఎంట్రన్స్ ఉంది, టీచర్ సర్టిఫికెట్ ఉంది, బడుల్లో పోస్టులు కూడా ఉన్నాయి. అయితే ఆ పోస్టులు సైన్స్, మ్యాథ్స్ టీచర్ పోస్టులన్ని ఉండవు. అందుకే ఈ దారిలోకి వచ్చేవాళ్లు ముందే లెక్క తెలుసుకుని రావాలి. ముఖ్యంగా ఒక మాట గుర్తుపెట్టుకోవాలి: ఆర్ట్ డిగ్రీ వేరు, డ్రాయింగ్ టీచర్ సర్టిఫికెట్ వేరు. రెండూ చేతిలో ఉన్నవాళ్లకు ఎక్కువ తలుపులు తెరుచుకుంటాయి. రెండోదానికి పునాది ఏడో తరగతి అయిపోగానే వేసుకోవచ్చు.

మొదటి దారి: డ్రాయింగ్ సర్టిఫికెట్లు, టీటీసీ

తెలంగాణ ప్రభుత్వ పరీక్షల విభాగం టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు పరీక్షలు నిర్వహిస్తుంది. వీటిలో డ్రాయింగ్ ఒకటి. టైలరింగ్ అండ్ ఎంబ్రాయిడరీకి, చేనేతకు కూడా ఇలాంటి పరీక్షలే ఉన్నాయి. ఒక్కోదానిలో లోయర్ గ్రేడ్, హయ్యర్ గ్రేడ్ అని రెండు మెట్లు.

ఏడో తరగతి పాసైనవాళ్లు డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ రాయవచ్చు. అది పాసైతే హయ్యర్ గ్రేడ్‌కు అర్హత వస్తుంది. ఫ్రీహ్యాండ్ డ్రాయింగ్, ఎదురుగా పెట్టిన వస్తువును చూసి గీయడం, డిజైన్ లాంటి పేపర్లు ఉంటాయి. చెయ్యి అలవాటైన పిల్లలు కొన్ని నెలలు శ్రద్ధగా సాధన చేస్తే దాటగలరు. బడి చదువు మానాల్సిన పని లేదు.

తర్వాతి మెట్టు టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్. అందరూ టీటీసీ అంటారు. ఇది వేసవిలో ఇచ్చే 42 రోజుల శిక్షణ. పదో తరగతి, లోయర్ గ్రేడ్ రెండూ పాసై, 18 ఏళ్లు నిండినవాళ్లు చేరవచ్చు. ఉమ్మడి వరంగల్ జిల్లా వాళ్లకు హనుమకొండ దగ్గర. క్లాసులో పాఠం ఎలా చెప్పాలి, బోర్డు మీద ఎలా గీయాలి, పిల్లల పని ఎలా దిద్దాలి అన్నది ఇక్కడ నేర్పుతారు. ఇంటర్ అయ్యాక చాలామంది దీన్ని వేసవి సెలవుల్లోనే పూర్తి చేసుకుంటారు.

ఈ దారికి ఖర్చు తక్కువ. దూరం పోనవసరం లేదు. అమ్మాయిని హైదరాబాద్ హాస్టల్లో పెట్టడానికి ఇంకా మనసొప్పని ఇంట్లో కూడా ఇది మొదలుపెట్టవచ్చు. కుట్టు, జర్దోజీ పని తెలిసిన అమ్మాయిలు టైలరింగ్ అండ్ ఎంబ్రాయిడరీ గ్రేడ్లు రాసుకుంటే క్రాఫ్ట్ టీచర్ వైపు కూడా చూడవచ్చు.

కానీ సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకుని కూర్చుంటే అందే పోస్టులు కొన్నే. డిగ్రీ అడిగే చోట అది చాలదు. అందుకే రెండో దారి.

రెండో దారి: బీఎఫ్ఏ డిగ్రీ

బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్, అంటే బీఎఫ్ఏ, నాలుగేళ్ల డిగ్రీ. మన రాష్ట్రంలో దీనికి పెద్ద చిరునామా హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ. దీని చరిత్ర నిజాం కాలం దాకా పోతుంది. 1940లో మొదలైన ప్రభుత్వ చిత్రకళా పాఠశాల తర్వాత ఫైన్ ఆర్ట్స్ కాలేజీగా ఎదిగింది. 1972లో జేఎన్‌టీయూ ఏర్పడినప్పుడు అందులో కలిసింది. 2008లో విడిగా యూనివర్సిటీ అయింది.

ఇక్కడ పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, ఫోటోగ్రఫీ, యానిమేషన్ విభాగాలున్నాయి. చేరడానికి ఇంటర్ పాసవ్వాలి. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ, ఏ గ్రూపైనా పర్వాలేదు. బొమ్మలు వేసే పిల్లవాడిని ఇష్టం లేని ఎంపీసీలో కూర్చోబెట్టాల్సిన అవసరం ఇక్కడ లేదు. సీటు మాత్రం ఎంట్రన్స్ ర్యాంకు మీదే వస్తుంది. ఆ పరీక్షను ఫాడీ అంటారు. చూడకుండా గుర్తున్న దృశ్యాన్ని గీయడం, రంగులు వేయడం, కళల గురించిన సాధారణ జ్ఞానం ఇందులో చూస్తారు. సంత, బస్టాండు, పొలం పని, పెళ్లి బరాత్ లాంటి దృశ్యాలను మనసులోంచి కాగితం మీద పెట్టడం రోజూ సాధన చేసినవాళ్లకే ఇది అందుతుంది. ఇంటర్‌నెట్‌లో బొమ్మ చూసి కాపీ కొట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు.

తెలుగు విశ్వవిద్యాలయంలో కూడా చిత్రకళ, శిల్పకళ బోధన ఉంది. బీఎఫ్ఏ తర్వాత పీజీ చేయాలనుకుంటే గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం, సరోజినీ నాయుడు స్కూల్‌లో ఎంఎఫ్ఏ ఉంది. మెదక్ ప్రాంతం నిజాంపూర్ పల్లె నుంచి వచ్చి దేశమంతా పేరు తెచ్చుకున్న చిత్రకారుడు లక్ష్మాగౌడ్ పాఠాలు చెప్పింది అక్కడే. ఎంఎఫ్ఏ చేసి, విజువల్ ఆర్ట్స్‌లో యూజీసీ నెట్ పాసైతే బడిలోనే కాదు, కాలేజీలో కూడా చెప్పవచ్చు.

బీఎఫ్ఏలో ఏం చెబుతారు? మొదట్లో అందరికీ పునాది ఒకటే. పెన్సిల్ డ్రాయింగ్, రంగుల సిద్ధాంతం, డిజైన్, మట్టితో ఆకారాలు చేయడం, ప్రింట్ తీయడం, కళా చరిత్ర ఉంటాయి. తర్వాత ఎంచుకున్న విభాగంలో లోతుకు పోతారు. రోజులో ఎక్కువ సమయం స్టూడియోలో నిలబడి చేసే పనే. కాగితాలు, రంగులు, కాన్వాస్ కొనడానికి నాలుగేళ్లూ ఖర్చు వస్తూనే ఉంటుంది. ఫీజు ఒక్కటే లెక్కేసుకుని చేరితే మధ్యలో ఇబ్బంది పడతారు.

టీచర్ కోసమే ఉన్న డిగ్రీ: జామియా

కళ నేర్పడమే ప్రధాన సబ్జెక్టుగా ఉన్న డిగ్రీ కావాలంటే ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియా పేరు చెప్పాలి. అక్కడి ఫైన్ ఆర్ట్స్ ఫ్యాకల్టీలో పెయింటింగ్, అప్లైడ్ ఆర్ట్, శిల్పంతో పాటు ఆర్ట్ ఎడ్యుకేషన్ పేరుతోనే బీఎఫ్ఏ ఉంది. బొమ్మ వేయడం, పిల్లలకు వేయడం నేర్పడం, రెండూ ఒకే డిగ్రీలో వస్తాయి. అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో కూడా ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది.

ఈ విషయంలో జామియాకు, మన హైదరాబాద్‌కు పాత బంధం ఉంది. 1926 నుంచి 1948 దాకా జామియాను నడిపిన డాక్టర్ జాకిర్ హుసేన్ 1897లో హైదరాబాద్‌లో పుట్టారు. తర్వాత దేశానికి రాష్ట్రపతి అయ్యారు. 1937లో వార్ధా విద్యా పథకాన్ని తయారు చేసిన కమిటీకి ఆయనే అధ్యక్షుడు. చేతి పనిని చదువుకు కేంద్రంగా పెట్టిన ఆ పథకంలో లెక్కలు, మాతృభాష, సైన్స్‌తో పాటు డ్రాయింగ్‌కు కూడా చోటు ఇచ్చారు. డ్రాయింగ్ క్లాసు టైంపాస్ అనుకునేవాళ్లకు ఈ ఒక్క సంగతి చెబితే చాలు.

పోస్టులు ఎక్కడున్నాయి, ఎక్కడ లేవు

ఇక్కడ నిజం నిజంగా చెప్పుకోవాలి. 2024 తెలంగాణ డీఎస్సీలో 11,062 పోస్టులు ఇచ్చారు. స్కూల్ అసిస్టెంట్లు, ఎస్జీటీలు, భాషా పండితులు, పీఈటీలు, స్పెషల్ ఎడ్యుకేషన్ టీచర్లు ఉన్నారు. డ్రాయింగ్ టీచర్ పోస్టు ఒక్కటీ లేదు. డీఎస్సీ ఒక్కదాన్నే నమ్ముకుని ఈ చదువులోకి రావద్దు.

చూడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి.

ఒకటి, గురుకులాలు. 2023లో గురుకుల నియామక బోర్డు తొమ్మిది వేలకు పైగా పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చినప్పుడు వాటిలో ఆర్ట్ టీచర్, క్రాఫ్ట్ టీచర్, మ్యూజిక్ టీచర్ పోస్టులు కూడా ఉన్నాయి. 2016లో మొదలైన మైనారిటీ గురుకులాలు ఈ మూడు జిల్లాల్లోనూ నడుస్తున్నాయి. మన పిల్లలు చదువుకునే బడిలోనే మన పిల్లలు టీచర్లుగా రావచ్చు.

రెండు, కేంద్ర ప్రభుత్వ బడులు. కేంద్రీయ విద్యాలయాల్లో ఆర్ట్ ఎడ్యుకేషన్ టీచర్ పోస్టు టీజీటీ స్థాయిలో ఉంటుంది. నవోదయ విద్యాలయాల్లో కూడా ఆర్ట్ టీచర్ ఉంటారు. ఉమ్మడి జిల్లాకు మామునూరు నవోదయ అందరికీ తెలిసిందే. ఇక్కడ ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ గానీ, దానికి సమానమైన దీర్ఘకాలిక డిప్లొమా గానీ అడుగుతారు. కేంద్రీయ విద్యాలయంలో హిందీ, ఇంగ్లిష్ వచ్చి ఉండాలి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలకు హిందీ మాట కష్టం కాదు. దేవనాగరి లిపి చదవడం, రాయడం మాత్రం నేర్చుకోవాలి.

మూడు, సీబీఎస్ఈ ప్రైవేటు బడులు. సీబీఎస్ఈలో పదకొండు, పన్నెండు తరగతుల్లో పెయింటింగ్, అప్లైడ్ ఆర్ట్ పరీక్ష రాసే సబ్జెక్టులు. వాటికి డిగ్రీ ఉన్న టీచర్ కావాలి.

నాలుగు, ప్రభుత్వ బడుల్లో పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మంది కంటే ఎక్కువ పిల్లలున్న బడికి ఆర్ట్, ఆరోగ్య వ్యాయామ విద్య, పని అనుభవం కోసం పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలి. ఇవి పర్మనెంట్ కొలువులు కావు. కానీ అనుభవానికి పనికొస్తాయి. బడిలో ఆ టీచర్ లేకపోతే అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ మీటింగ్‌లో ఈ మాట ఎత్తవచ్చు.

ప్రతి నోటిఫికేషన్‌లో అర్హతలు కొంచెం మారుతుంటాయి. ఒక చోట డిగ్రీ అడుగుతారు, ఇంకో చోట హయ్యర్ గ్రేడ్, టీటీసీ అడుగుతారు. రెండూ ఉంటే మంచిదని చెప్పేది అందుకే. బీఈడీ ఉంటే చాలనుకోవడం కూడా పొరపాటు. బీఈడీ వేరే సబ్జెక్టుల టీచర్ పోస్టులకు దారి. ఆర్ట్ టీచర్‌కు చూసేది ముందుగా చిత్రకళలో అర్హతనే.

రిజర్వేషన్, స్కాలర్‌షిప్

రాష్ట్రంలో బీసీ-ఈ కింద వచ్చే ముస్లిం వర్గాలకు చదువుల్లో, ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. ఎంట్రన్స్ దరఖాస్తు సమయానికే కుల ధ్రువీకరణ పత్రం చేతిలో ఉండాలి. కౌన్సెలింగ్ రోజు మీ సేవ చుట్టూ తిరిగితే సీటు పోయే ప్రమాదం ఉంది. బీసీ-ఈలో లేనివాళ్లు ఆదాయం తక్కువైతే ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు.

ఫీజు రీయింబర్స్‌మెంట్, మెయింటెనెన్స్ స్కాలర్‌షిప్‌కు తెలంగాణ ఈపాస్‌లో దరఖాస్తు చేయాలి. మైనారిటీ విద్యార్థులకు తల్లిదండ్రుల వార్షిక ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల రూపాయలు దాటకూడదు. ఆదాయ పత్రం, బ్యాంకు ఖాతా, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. షేక్, ఎస్‌కే, ఎండీ, మహ్మద్ అని ఒక్కో కాగితంలో ఒక్కో రకంగా ఉండటం మన ఇళ్లలో మామూలే. పదో తరగతి మెమోలో ఉన్న పేరుకే మిగతావి సరిచేయించుకోవాలి.

ఇంట్లో వచ్చే మూడు ప్రశ్నలు

మొదటిది దీనీ ప్రశ్న. మనుషుల, జంతువుల బొమ్మలు వేయడం సరికాదని చాలామంది ఉలమా చెబుతారు. చదువు అవసరం, ఫోటో లాంటి విషయాల్లో అభిప్రాయ భేదాలున్నాయి. చెట్లు, కొండలు, కట్టడాలు, అక్షరాలు, జ్యామితి నమూనాల మీద ఆ అభ్యంతరం లేదు. బీఎఫ్ఏ మొదటి ఏళ్లలో మనిషి ఆకారం గీయడం సిలబస్‌లో భాగం. శిల్పం, పెయింటింగ్ విభాగాల్లో అది ఎక్కువ. అప్లైడ్ ఆర్ట్‌లో అక్షర రూపకల్పన, పోస్టర్, ప్యాకింగ్ డిజైన్ పాలు ఎక్కువ. ఈ సంగతి దాచకుండా పిల్లలతో మాట్లాడాలి. మీరు నమ్మే ఆలిమ్‌ను అడ్మిషన్‌కు ముందే అడగాలి. చేరాక మధ్యలో మాన్పిస్తే పిల్లల ఏళ్లు పోతాయి.

ఖత్తాతీ, అంటే అందమైన రాత, మన దగ్గర పెద్ద విద్య. కుతుబ్‌షాహీ సమాధుల గోడల మీద చెక్కిన రాతలు చూస్తే ఆ నైపుణ్యం తెలుస్తుంది. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డుల కోసం కాతిబులు చేత్తో రాసిన కాలం పెద్దలకు గుర్తే. జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి సాయంతో నడిచే కేంద్రాల్లో కాలిగ్రఫీ, గ్రాఫిక్ డిజైన్ కలిపి నేర్పుతారు. డిగ్రీకి తోడు ఇది ఉంటే చేతికి ఇంకో పని వచ్చినట్టే.

రెండోది అమ్మాయిని పంపే ప్రశ్న. జనగామ నుంచి సికింద్రాబాద్‌కు రైలు ఉంది. మహబూబాబాద్ నుంచి కూడా కాజీపేట మీదుగా నేరుగా రైళ్లున్నాయి. భూపాలపల్లికి రైలు లేదు. పరకాల, హనుమకొండ మీదుగా బస్సులోనే రావాలి. అందుకే భూపాలపల్లి వాళ్లకు రోజూ తిరగడం కుదరదు, హాస్టల్ తప్పదు. కాలేజీ చూడటానికి అమ్మీ, అబ్బా ఇద్దరూ ఒకసారి వెళ్లి రావాలి. స్టూడియో, హాస్టల్, పోయే దారి కళ్లతో చూస్తే సగం భయం తగ్గుతుంది.

మూడోది సంపాదన ప్రశ్న. సర్కారు కొలువు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. అప్లైడ్ ఆర్ట్ చదివినవాళ్లు ప్రింటింగ్ ప్రెస్, పుస్తకాల బొమ్మలు, ప్రకటనల డిజైన్ చేసుకోవచ్చు. ఇంటి దగ్గర పిల్లలకు డ్రాయింగ్ నేర్పి లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలకు తయారు చేయవచ్చు. అయితే బడిలో స్థిరమైన పోస్టుకు కొన్నేళ్లు పట్టవచ్చని మాత్రం ఇంట్లో అందరికీ ముందే తెలియాలి.

మన చుట్టూ ఉన్న బడి

2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు రాకముందు ఈ మూడింటిలో ఎక్కువ భాగం వరంగల్ జిల్లానే. కళ నేర్చుకునే పిల్లలకు ఇంతకంటే మంచి చోటు దొరకదు. జనగామ పక్కనే పెంబర్తి ఉంది. ఇత్తడి రేకు మీద ఉలితో నగిషీ తీసే పని చూడటానికి ఒక పూట చాలు. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వెళ్లిన చేర్యాలలో గుడ్డ మీద కథలు వేసే నకాషి కుటుంబాలున్నాయి. ఆ నకాషి అన్న పేరు మన నక్కాషీయే. చింతగింజల పిండి పూసి గుడ్డను తయారు చేసే పద్ధతి అక్కడ చూడవచ్చు.

మహబూబాబాద్ జిల్లా డోర్నకల్‌లో 1939లో ప్రారంభమైన చర్చిలో గుమ్మటాలు, మినార్లు, గుడి మండపం లాంటి స్తంభాలు ఒకే కట్టడంలో కనిపిస్తాయి. భూపాలపల్లి జిల్లా రేగొండ దగ్గర పాండవుల గుట్టల్లో ఆదిమానవులు రాతి మీద వేసిన రంగు బొమ్మలున్నాయి. గణపురం కోటగుళ్లలో కాకతీయుల రాతి చెక్కడం ఉంది. ఇవి చూసి నోట్‌బుక్‌లో దించిన పిల్లవాడు ఎంట్రన్స్‌లో కళా చరిత్ర ప్రశ్నకు బెదరడు. రేపు టీచరైతే పిల్లలకు చూపించడానికి సొంత ఊరి ఉదాహరణలే ఉంటాయి.

ఏ తరగతిలో ఏం చేయాలి

ఏడు, ఎనిమిది తరగతులు: లోయర్ గ్రేడ్ డ్రాయింగ్‌కు తయారవ్వాలి. ఒక స్కెచ్‌బుక్ పెట్టుకుని వేసిన ప్రతి బొమ్మ కింద తేదీ రాయాలి.

తొమ్మిది, పది: హయ్యర్ గ్రేడ్ రాయాలి. చూసి వేయడం, గుర్తుంచుకుని వేయడం రెండూ సాధన చేయాలి.

ఇంటర్: నచ్చిన గ్రూపు తీసుకుని మంచి మార్కులతో పాసవ్వాలి. రెండో సంవత్సరంలో ఫాడీ నోటిఫికేషన్ కోసం చూస్తుండాలి. బయటి రాష్ట్రం అనుకుంటే జామియా, అలీగఢ్ దరఖాస్తు తేదీలు విడిగా గమనించాలి. కుల, ఆదాయ పత్రాలు సిద్ధం చేసుకోవాలి.

ఇంటర్ తర్వాత వేసవి లేదా డిగ్రీ మధ్యలో వేసవి: 42 రోజుల టీటీసీ పూర్తి చేయాలి.

డిగ్రీ నాలుగేళ్లు: దగ్గరి బడిలో నెలకొకసారైనా పిల్లలకు పాఠం చెప్పి చూడాలి. బాగా వేయడం ఒకటి, నలభై మంది పిల్లల చేత వేయించడం ఇంకొకటి. ఆగస్టు 15కు చార్టులు రాసిపెట్టే మనిషిగా మిగిలిపోకుండా, పిల్లలకు చూడటం నేర్పే టీచర్ అయ్యేది ఆ అలవాటుతోనే.

ఈ చదువులో ఎక్కువమంది ఓడిపోయేది ఎంట్రన్స్‌లో కాదు. సమాచారం ఆలస్యంగా తెలిసి, ఇంటర్ అయిపోయాక, గ్రేడ్ పరీక్షలు రాసి ఉండక, పత్రాలు లేక ఆగిపోతారు. ఇంట్లో బొమ్మలు వేసే బిడ్డ ఉంటే ఈ సంవత్సరమే లోయర్ గ్రేడ్ దరఖాస్తు గురించి బడిలో అడగండి. మిగతా దారి ఎంచుకోవడానికి అప్పటికి ఇంకా టైముంటుంది.